కాడయు ఒఱయు: యంత్రములందలి టేపరు పట్టు

పికాసుతో నేల త్రవ్వు రైతునకు దాని పిడిని గూర్చి విశేషముగా ఆలోచింపవలసిన పని యుండదు. ఆ పిడికి మేకు లేదు, మరచీల లేదు. పిడి పైకొన లావుగా నుండును. పికాసు కంతయు పైవైపున వెడల్పుగాను, క్రిందివైపున ఇఱుకుగాను ఉండును. పిడిని పైనుండి దూర్చి, లావుకొనను నేలకు ఒక్క దెబ్బ కొట్టినచో రెండును బిగిసికొనును. విసరినకొలది బిగువు హెచ్చునే గాని తగ్గదు. పిడి మార్చవలసి వచ్చినపుడు చేతికొనను నేలకు తట్టినచో ఇనుము వదులై క్రిందికి జాఱును. పట్టుటయు విడుచుటయు రెండును ఆ ఆకారమునందే యున్నవి.

ఇట్లు క్రమక్రమముగా సన్నగిలు ఆకారమునకు కర్మాగారములలో టేపరు అని పేరు. తరిమెన పట్టు లేతు యంత్రమునందును, బెజ్జములు వేయు డ్రిల్లింగు యంత్రమునందును, గాడులు చెక్కు మిల్లింగు యంత్రమునందును పనిముట్టును పట్టియుంచునది ఈ టేపరే. పనిముట్టు చివర నుండు సన్నగిలిన భాగమును ఈ వ్యాసమున కాడ యనియు, అది దూఱు గుంటను ఒఱ యనియు చెప్పుచున్నాము. కత్తికి ఒఱ యెట్లో, బరమా కాడకు యంత్రపు కదురులోని గుంట అట్లు.

ఇది యంత్రకారులకు సంబంధించిన విషయము గదా, రైతులకేల యని కొందఱనవచ్చును. నేడు అనేక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు ట్రాక్టరులను, విత్తు యంత్రములను, మందు చల్లు యంత్రములను సభ్యులకు అద్దెకిచ్చుచున్నవి. యంత్రములున్నచోట మరమ్మతులు తప్పవు. కొన్ని సంఘములు చిన్న మరమ్మతుశాలను తామే నెలకొల్పుకొన దలంచును. పాత డ్రిల్లింగు యంత్రమొకటి చౌకగా వచ్చినదని కొనిన పిదప, దాని ఒఱకు సరిపడు కాడ అంగడిలో దొరకకపోయినచో ఆ యంత్రము మూలబడును. సరిపడని కాడను బలవంతముగా కొట్టి బిగించినచో కదురే పాడగును. ఏ విధముగనైనను నష్టపడునది సభ్యుల ధనమే. దుక్కుల అదనునగాని, నూర్పిళ్ల వేళగాని పని నిలిచిపోయినచో ఆ నష్టము మరమ్మతు కూలికంటె మిక్కిలి పెద్దది. కావున ఈ టేపరుల రకములను, వాని గుఱుతులను సభ్యులు కొంతవఱకైనను ఎఱిగియుండుట మేలు.

టేపరును కొలుచుట యెట్లు?

గుండ్రని కడ్డీ పొడవున నడచినకొలది దాని వ్యాసము ఎంత తగ్గునో చెప్పుటయే టేపరు కొలత. 20 మిల్లీమీటరుల పొడవునకు వ్యాసము 1 మిల్లీమీటరు తగ్గినచో దానిని 1:20 టేపరు అందురు. అట్టి కాడ 100 మిల్లీమీటరుల పొడవున్నచో లావుకొనకును సన్నకొనకును వ్యాసమున 5 మిల్లీమీటరుల భేదముండును. పాత అమెరికా, ఇంగ్లండు గ్రంథములలో ఒక అడుగు పొడవునకు ఎన్ని అంగుళములు తగ్గునో చెప్పుదురు. 1:20 అనునది ఆ లెక్కన అడుగునకు 0.6 అంగుళము.

ఇందొక విశేషము గలదు. 1:20 ఒఱ లోపల అరిగి వ్యాసము పదియవ వంతు మిల్లీమీటరు పెరిగినదనుకొందము. అంత స్వల్పమైన అరుగుదలకే కాడ 2 మిల్లీమీటరులు లోనికి దిగును. అనగా అరుగుదల యిరువది రెట్లయి పొడవున కానవచ్చును. కాడ మునుపటికంటె లోతుగా దిగుచున్నదని కనిపెట్టిన పనివాడు ఒఱ అరుగుచున్నదని గ్రహింపవలెను.

పట్టు ఎందుండి వచ్చును?

కాడను ఒఱలోనికి నెట్టినపుడు దాని ప్రక్కలు ఒఱ గోడలను చుట్టును అదుముచుండును. వాలు ఎంత సన్నదైన ఆ అదుము అంత హెచ్చు. ఉక్కునకును ఉక్కునకును నడుమ రాపిడి గుణకము 0.15 అని పెట్టుకొని లెక్కించినచో, 1:20 టేపరును ఒక బలముతో నెట్టినపుడు గోడలపై పడు మొత్తపు ఒత్తిడి ఆ బలమునకు అయిదు రెట్లకు మించును. ఆ ఒత్తిడి వలన కలుగు రాపిడియే కాడ తిరుగకుండ పట్టుకొనును. బెజ్జము వేయునపుడు బరమాను క్రిందికి అదుముదుము గదా! పని బరువైనకొలది అదుము హెచ్చును. అదుము హెచ్చినకొలది పట్టు హెచ్చును. పికాసు పిడియందలి మర్మమే ఇది.

అయితే టేపరులన్నియు ఇట్లు పట్టుకొనవు. రాపిడి గుణకము 0.15 అయినచో దానికి సమమైన కోణము ఇంచుమించు ఎనిమిదిన్నర డిగ్రీలు. టేపరు యొక్క సగము కోణము దీనికంటె మిక్కిలి తక్కువగా నున్నచో కాడ తనంతట తాను నిలుచును. ఊడదీయుటకు వేఱే దెబ్బ కావలెను. ఇట్టివానిని సన్నవాలు టేపరులందము. 1:20 టేపరు సగము కోణము ఒకటిన్నర డిగ్రీలకు లోపు, 1 డిగ్రీ 26 నిమిషములు మాత్రమే. సగము కోణము ఆ ఎనిమిదిన్నర డిగ్రీల దరిదాపున నున్నచో కాడ సులభముగా వదలివచ్చును. నిలుపుటకు వెనుకనుండి లాగిపట్టు కడ్డీ కావలెను. ఇవి ఏటవాలు టేపరులు. లోకమునందలి యంత్రపు టేపరులన్నియు ఈ రెండు తెగలలో ఏదో ఒకదానికి చేరును. కొనువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ భేదమే.

మోర్సు టేపరు

సన్నవాలు టేపరులలో మిక్కిలి వ్యాప్తిగాంచినది మోర్సు టేపరు. స్టీఫెన్ మోర్సు అను నతడు అమెరికాయందలి మసాచుసెట్సు రాష్ట్రీయుడు. మెలికల గాడులు గల బరమాకు 1863లో పేటెంటు హక్కు పొందెను. 1864లో ఆ రాష్ట్రమునందలి న్యూబెడ్‌ఫర్డు పట్టణమున ఆ బరమాలను చేయు సంస్థ వెలసెను. బరమాలను యంత్రమునకు తగిలించుటకు కుదిర్చిన కాడయే అతని పేర నిలిచిన టేపరు.

మోర్సు టేపరులకు 0 మొదలు 7 వఱకు సంఖ్యలు గలవు. 7వ సంఖ్య అరుదు. తక్కినవాని లావుకొన వ్యాసములు మిల్లీమీటరులలో ఇవి:

సంఖ్య 0: 9.045
సంఖ్య 1: 12.065
సంఖ్య 2: 17.780
సంఖ్య 3: 23.825
సంఖ్య 4: 31.267
సంఖ్య 5: 44.399
సంఖ్య 6: 63.348

టేపరు కాడ గల బరమాలలో సామాన్యముగా 14 మిల్లీమీటరుల వఱకు 1వ సంఖ్య కాడ యుండును. ఆపైన 23 వఱకు 2వ సంఖ్య; ఆపైన ఇంచుమించు 32 వఱకు 3వ సంఖ్య; ఆపైన 50 వఱకు 4వ సంఖ్య. చిన్న కాడను పెద్ద ఒఱలో అమర్చుటకు నడుమ తొడుగు వేయుదురు. దీనిని స్లీవు అందురు. ఉదాహరణమునకు 2వ సంఖ్య బరమాను 3వ సంఖ్య కదురులో వాడవలెనన్నచో, లోపల 2, వెలుపల 3 గల స్లీవు కావలెను.

ఈ టేపరులన్నియు 1:20కి దగ్గఱవే గాని సరిగా సమానములు కావు. 2వ సంఖ్య 1:20.020, 3వది 1:19.922, 5వది 1:19.002. ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క వాలు. లెక్కకు ఇది యింపుగా లేదనుట నిజమే. కాని వేలకొలది యంత్రములలోనికి ఈ కాడలు చొచ్చిన పిదప వానిని దిద్దుట అసాధ్యమయ్యెను. పాతవానికి సరిపడు క్రొత్త కాడలే జనులకు కావలసియుండెను. నేటి అంతర్జాతీయ ప్రమాణపత్రములందును ఆ వాలులు అట్లే నిలిచియున్నవి.

మోర్సు కాడ సన్నకొనను బల్లపరుపుగా చదునుచేసిన నాలుక యొకటి యుండును. బరమాను త్రిప్పునది ఈ నాలుకయే యని పలువురు తలంతురు. త్రిప్పునది టేపరు రాపిడి. నాలుక ముఖ్యముగా ఊడదీయుట కొఱకు. కదురు ప్రక్కనుండు గంటులో డ్రిఫ్టు అను సన్నగిలిన ఉక్కు పలకను దూర్చి మెల్లగా కొట్టినచో అది నాలుకను క్రిందికి నెట్టును. సన్నవాలు పట్టిన దానిని మఱియొక సన్నవాలు విడిపించును. నాలుక మెలితిరిగినదన్నచో దోషము నాలుకది కాదు. టేపరు సరిగా పట్టక బరువంతయు నాలుకపై పడినదని యర్థము. అప్పుడు క్రొత్త బరమా కొనుటతో సరిపెట్టుకొనక ఒఱను పరీక్షింపవలెను.

పలు శాలలు, పలు వాలులు

ఆ కాలమున అమెరికాలోని యంత్రశాలలలో ఒక్కొక్కటి తన కనువైన టేపరును వాడుచుండెడిది. ప్రావిడెన్సు నగరమందలి బ్రౌన్ అండ్ షార్పు సంస్థకు చెందిన జోసెఫ్ బ్రౌను, మెలికల బరమాల గాడులను చెక్కుటకై 1862లో సార్వత్రిక మిల్లింగు యంత్రమును నిర్మించెను. ఆ సంస్థ టేపరు అడుగునకు అర అంగుళము, అనగా 1:24. ఫిలడెల్ఫియాలోని విలియం సెల్లర్సు సంస్థ టేపరు అడుగునకు ముప్పాతిక అంగుళము. బ్రౌన్ అండ్ షార్పు ఉద్యోగియైన ఆస్కారు బీలు అను నతడు జార్నో టేపరు అను మఱియొక దానిని ప్రతిపాదించెను.

ఈ జార్నో టేపరు లెక్కకు మిక్కిలి యందమైనది. వాలు అన్ని సంఖ్యలకును సరిగా 1:20. సంఖ్యను 8 చేత భాగించినచో లావుకొన వ్యాసము, 10 చేత భాగించినచో సన్నకొన వ్యాసము, 2 చేత భాగించినచో పొడవు అంగుళములలో వచ్చును. 8వ సంఖ్య కాడ లావుకొన 1 అంగుళము, సన్నకొన 0.8 అంగుళము, పొడవు 4 అంగుళములు. పట్టిక చూడనక్కఱలేదు, వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఇంత సులువైనదయ్యు ఇది కొన్ని తెగల యంత్రములకే పరిమితమయ్యెను. లెక్కకు వంకరయైన మోర్సు టేపరు లోకమంతట నిలిచెను. ఏలయన, మోర్సు కాడ గల బరమా ఏ యూరి అంగడిలోనైనను దొరకును. కొనువానికి కావలసినది లెక్క యందము కాదు, దొరకుట.

సహకారులు ఈ సంగతిని బాగుగా గ్రహింపగలరు. ఒక శాల యంత్రమునకు ఆ శాల కాడయే సరిపడినంతకాలము కొనినవాడు ఆ శాలకు కట్టుబడియుండును. దాని ధర యెంతయైన ఇయ్యవలసినదే. అది మూతపడినచో యంత్రము పాత యినుమే. అప్పిచ్చిన వర్తకునికే పంట నమ్మవలసిన రైతు స్థితికిని దీనికిని పెద్ద భేదము లేదు. పదిమంది ఒప్పుకొనిన కొలత ఏర్పడిన పిదప కొనువానికి స్వేచ్ఛ కలిగెను. ఒక సంఖ్య చెప్పి ఏ దేశములో చేసిన కాడనైనను తెచ్చి తన ఒఱలో పెట్టుకొనవచ్చును. మన సికిందరాబాదున 1943లో స్థాపింపబడిన ప్రాగా టూల్సు సంస్థ యంత్రపరికరములను నిర్మించినపుడు గాని, 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషిన్ టూల్సు వెలసినపుడు గాని, పనిముట్ల కాడలకు క్రొత్త వాలులను కల్పింపవలసిన యక్కఱ లేకపోయెను. లోకమందలి కొలతలు అప్పటికే సిద్ధముగా నుండెను.

చిన్న బరమాలను పట్టు చక్కునకు వెనుకవైపున జేకబ్సు టేపరు అను మఱియొక పొట్టి టేపరుండును. చక్కునకును యంత్రమునకును నడుమ నుండు కడ్డీకి ఒక కొనను జేకబ్సు, రెండవ కొనను మోర్సు టేపరు ఉండుట సామాన్యము. కావున చక్కు కొనునపుడు రెండు కొనల సంఖ్యలును చెప్పవలెను.

ఏటవాలు టేపరులు

బెజ్జము వేయునపుడు బరువు నిలువుగా పడును. మిల్లింగు యంత్రమునందు అట్లు కాదు. కోఱ ప్రక్కకు కోయుచు అదరుచుండును. ప్రక్క అదరుటచేత సన్నవాలు కాడ కొంచెము కొంచెముగా వదులై జాఱిపోవచ్చును. గట్టిగా బిగించినచో ఊడదీయుట కష్టము. ఈ రెండు చిక్కులను తొలగించుటకు అడుగునకు మూడున్నర అంగుళముల ఏటవాలును అమెరికా మిల్లింగు యంత్రకారులు ఏర్పఱచిరి. దీనినే 7/24 టేపరు అందురు. దీని సగము కోణము 8 డిగ్రీల 18 నిమిషములు. రాపిడి కోణపు టంచున నుండుటచే వెనుకనుండి లాగు కడ్డీని వదులు చేయగానే కాడ చేతిలోనికి వచ్చును. ఇందు టేపరు పని కాడను నడిమికి తెచ్చి నిలుపుట మాత్రమే. లోనికి లాగిపట్టునది కడ్డీ. త్రిప్పునవి కదురు ముఖముననుండు రెండు దిమ్మెలు.

ఈ తెగలో 30, 40, 50 సంఖ్యలు ప్రసిద్ధములు. వాని లావుకొనలు క్రమముగా 31.75, 44.45, 69.85 మిల్లీమీటరులు. పనిముట్లను తామే మార్చుకొను కంప్యూటరు యంత్రములు వచ్చిన పిదప కాడ మెడకు పట్టు గాడి గల అంచు చేర్పబడెను. ట్రాక్టరులు చేసిన అమెరికా సంస్థ క్యాటర్‌పిల్లరు తన శాలలలోని యంత్రములన్నిటికి ఒకే రీతి కాడలుండవలెనని కుదిర్చిన అంచు గల కాడయే క్యాట్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. జపాను పద్ధతి కాడకు బి.టి. అని పేరు. రెంటి వాలును ఒక్కటే. అంచు వేఱు, వెనుకకడ్డీ మరలు వేఱు. వాలు ఒకటైనంత మాత్రమున ఒకదానికి బదులు మఱియొకటి పనికిరాదని ఇందువలన తెలియవలెను. చిన్న మిల్లింగు యంత్రములలో తఱచుగా కానవచ్చు ఆర్-8 కాడ కూడ ఏటవాలుదే. దాని పూర్తి కోణము 16 డిగ్రీల 51 నిమిషములు.

కదురు మిక్కిలి వేగముగా తిరిగినపుడు ఒఱ నోరు కొంచెము విప్పారి, కాడ లోనికి దిగిపోవును. ఈ లోపమును తీర్చుటకు జర్మనీలో హెచ్.ఎస్.కె. అను డొల్ల కాడను కల్పించిరి. దాని వాలు 1:10. కాడ ప్రక్కలేగాక మెడ అంచుకూడ కదురు ముఖమునకు ఆనుటచే అది లోనికి దిగజాలదు.

మన పొలములందలి టేపరులు

మరమ్మతుశాల గడప దాటకయే రైతు ప్రతిదినము టేపరును వాడుచున్నాడు. ఇనుప నీటిగొట్టముల చివర మరలు 1:16 వాలున సన్నగిలును. అందువలననే గొట్టము తిరిగినకొలది బిగియును. ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టు అని బలవంతము చేసినచో ఆ వాలే పోత ఇనుపముఖమును చీల్చును. పాత ఆయిలు ఇంజను చక్రమును ఇరుసుపై నిలుపు తలగల చీల సామాన్యముగా 100కు 1 వాలు గలది. ఎంత సన్నని వాలో అంత గట్టి పట్టు.

వీపున మోయు మందు చల్లు యంత్రము ఇంజనులో తిరుగుడు చక్రము టేపరు కొనపై కూర్చుండును. అందు అర్ధచంద్రాకారపు చిన్న చీల యొకటి యుండును. ఆ చీల చక్రమును త్రిప్పునని తలంచి, చీల తెగినపుడెల్ల క్రొత్త చీల వేయించువారు గలరు. పట్టు టేపరుది; చీల నిప్పురవ్వ పడు వేళ తప్పకుండ చక్రమును సరియైన చోట నిలుపుటకే. పైనట్టు వదులైనను, టేపరు నడుమ మడ్డి చేరినను చక్రము జాఱును, చీల తెగును, ఇంజను అంటుకొనదు. టేపరును తుడిచి నట్టును సరిగా బిగించువఱకు ఎన్ని చీలలు మార్చినను ఫలము లేదు.

టేపరు చెడుట, కాపాడుట

టేపరు బలము రెండు ముఖములు పొడవునను చుట్టును ఒకదానికొకటి ఆనుటయందున్నది. ఆ ఆనిక చెడినచో ఎంత గట్టిగా కొట్టినను లాభము లేదు. నోటికడ సమముగా నున్న రెండు టేపరులను తలంపుడు: ఒఱ 1:20, కాడ 1:24. 60 మిల్లీమీటరుల పొడవున ఒఱ 3 మిల్లీమీటరులు సన్నగిలును. కాడ రెండున్నర మాత్రమే సన్నగిలును. అందుచే కాడ సన్నకొన ముందే తగిలి, నోటికడ ఖాళీ యుండును. చేతికి బిగిసినట్లే తోచును. బరువు పడగానే ఊగి, తిరిగి, ఒఱను గీచివేయును. ఇట్లు గీచుకొనిపోయిన ఒఱలో సరియైన కాడ కూడ నిలువదు. ఒక్క తప్పుకాడ వలన యంత్రమే పాడగుట యిట్లు జరుగును. కావున పనివారు ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. కాడను దూర్చుటకు ముందు కాడను ఒఱను రెంటిని శుభ్రమైన పొడిగుడ్డతో తుడువవలెను. ఒక్క ఇనుపపొట్టు ముక్క చాలును ఆనికను చెఱచుటకు. నిలువచేయునపుడు తుప్పు పట్టకుండ పలుచగా నూనె పూయవచ్చును. వాడునపుడు దానిని తుడిచివేయవలెను.

2. కాడ కొనను సుత్తితో బాదరాదు. చేతితో ఒక్క ఊపున దూర్చిన చాలును. తీయుటకు డ్రిఫ్టునే వాడవలెను. ఉలిగాని మేకుగాని పెట్టరాదు.

3. గీతలు పడిన కాడపై ఎత్తుగా లేచిన అంచును మాత్రమే సన్నని సానరాతితో తీయవలెను. గరుకు కాగితముతో కాడనంతయు రుద్దినచో వాలు మారిపోవును.

4. యంత్రము వేడిగా నున్నపుడు చల్లని కాడను బిగించి రాత్రియంతయు విడువరాదు. ఒఱ చల్లారి కుదించుకొని కాడను విడువక పట్టును.

5. వెనుకకడ్డీ లేని మోర్సు ఒఱలోగాని, డ్రిల్లు చక్కులోగాని మిల్లింగు కోఱను పెట్టి ప్రక్కకు కోయరాదు. కాడ జాఱి తిరుగుచున్న కోఱ ఊడిపడును. ఇది ధననష్టముతో పోవు విషయము కాదు. పనివాని ప్రాణమునకే అపాయము.

ఒఱకును కాడకును ఆనిక సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష గలదు. కాడ పొడవున మూడుచోట్ల ప్రష్యను నీలపు రంగును సన్నని గీతలుగా పూసి, ఒఱలో మెల్లగా దూర్చి, కొద్దిగా త్రిప్పి తీయవలెను. నీలము పొడవునంతటను సమముగా చెదరినచో ఆనిక మంచిది. ఒక కొననే చెదరి రెండవ కొనను గీత చెక్కుచెదరక యున్నచో వాలు తప్పినది. పాత యంత్రమును బేరము చేయునపుడు ఈ పరీక్షను చేయించుమని అడుగుటకు సభ్యులు సంకోచింపరాదు.

కొనుటకు ముందు

పేరు తెలియని కాడ చేతికి వచ్చినపుడు దాని తెగను కనుగొనుట కష్టము కాదు. కాడపై 50 మిల్లీమీటరుల యెడముగా రెండు గుఱుతులు పెట్టి, రెండుచోట్లను వ్యాసమును వెర్నియరు కొలబద్దతో కొలువవలెను. భేదము రెండున్నర మిల్లీమీటరులుగాని, దానికంటె కొంచెము హెచ్చుగాని యున్నచో మోర్సు కావచ్చును. లావుకొన వ్యాసమును పై పట్టికతో సరిచూచిన సంఖ్య తెలియును. భేదము 2.1 మిల్లీమీటరులకు దగ్గఱగా నున్నచో బ్రౌన్ అండ్ షార్పు. 5 అయినచో హెచ్.ఎస్.కె. పదునాలుగున్నర అయినచో 7/24 ఏటవాలు.

మరమ్మతుశాల పెట్టదలచిన సంఘములు వీలైనంతవఱకు ఒకే తెగ టేపరు గల యంత్రములను ఎన్నుకొనవలెను. లేతు టెయిలుస్టాకును డ్రిల్లింగు యంత్రమును ఒకే మోర్సు సంఖ్య గలవైనచో ఒకే చక్కు, అవే బరమాలు రెంటికిని పనిచేయును. వేఱు సంఖ్యలైనచో స్లీవులను ముందే కొని ఉంచవలెను. యంత్రపు ధరలో వేయి రూపాయలు తగ్గినదని సంతసించుటకు ముందు, దాని కాడలు సమీపపు పట్టణములో దొరకునా యని విచారింపవలెను.

ప్రతి యంత్రముయొక్క ఒఱ తెగను, సంఖ్యను, వెనుకకడ్డీ మరల కొలతను సంఘపు సామాను పుస్తకములో ఆ యంత్రము పేరు ప్రక్కనే వ్రాసియుంచుట కార్యదర్శులకు పది నిమిషముల పని. అదే సంఖ్యను యంత్రముపై రంగుతో వ్రాయింపవలెను. పనివాడు మారినను, అంగడికి వెళ్లువాడు క్రొత్తవాడైనను, ఆ సంఖ్యను చీటిపై ఎత్తివ్రాసి యిచ్చినచో సరియైన కాడయే వచ్చును.